కంప్యూటరు ఊరికి వంకలు పెట్టిన వేసవి

మా ఇంట్లో నాకున్న పేరు ప్రతిష్ఠలన్నీ వంకలు పెట్టడం మీదే నిలబడ్డాయి. పెళ్ళిభోజనంలో పప్పుచారులో ఇంగువ ఎక్కువైందని మొదట నోరు తెరిచేది నేనే. టీవీ సీరియల్లో అత్తగారు నిద్రపోయేటప్పుడు కూడా పట్టుచీర కట్టుకునే పడుకుంటుందేమిటని అడిగి, ఆ పూటకి అందరి ఆనందం పాడుచేసేదీ నేనే. "నీతో పెట్టుకుని బతికి బట్టకట్టినవాడు లేడే" అంటారు మా ఆయన. ఆయన బతికే ఉన్నారు, బట్ట కట్టుకునే ఉన్నారు, కాబట్టి ఆ మాటలోనూ వంక ఉంది.

అలాంటి నాకు యాభై దాటాక ఒక ఉద్యోగం వచ్చింది. జీతం లేదు గానీ పని మాత్రం నాకోసమే పుట్టినట్టుంది. ఓ ఊరినిండా మనుషులుంటారు, వాళ్ళందరికీ వంకలు పెట్టాలి. వాళ్ళు తిరిగి తిట్టరు కూడా. ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

ఆ ఉద్యోగం ఇచ్చింది మా అన్నయ్య కూతురు. నా పుట్టిల్లూ అత్తారిల్లూ ఒకే ఊరు, నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో. అన్నయ్య మామిడితోటకీ మా తోటకీ మధ్య ఒక కంచె, ఆ కంచెకి ఒక సందు. ఆ సందులోంచి గోంగూర పచ్చడి అటు పోతుంది, మా మేనకోడలు ఇటొస్తుంది. ఇంజనీరింగ్ చదివిన పిల్ల. ఇద్దరు స్నేహితులతో కలిసి రెండేళ్ళుగా ఒక కంప్యూటర్ గేమ్ తయారుచేస్తోంది. గేమంటే తుపాకులతో కాల్చుకోవడం కాదు. పట్నం నుంచి ఒకతను మామిడితోటల ఊరికొస్తాడు. తాతగారి తోట అతని వాటాకి వచ్చింది గానీ అందులో కాయ చాలదు. చుట్టుపక్కల ఎవరి తోటలో కాయ ఉందో ఊళ్ళోవాళ్ళని అడిగి తెలుసుకుని, వాళ్ళ దగ్గర కొని, వానలు పడేలోపల ఒక లారీ నింపాలి. అదీ ఆట.

హైదరాబాద్‌లో ఒక కంపెనీవాళ్ళు అది చూశారట. చెట్లు బాగున్నాయి, ఆట బాగుంది, కానీ చుట్టూ ఉన్న చిన్న పాత్రల్లో ప్రాణం లేదు, నెల్లాళ్ళలో సరిచేసి చూపిస్తే తీసుకుంటాం అన్నారట. ఈలోగా దీనికి చెన్నైలో వేరే ఉద్యోగం కూడా వచ్చి ఉంది. జూన్‌లో చేరాలి. మా అన్నయ్య తేల్చి చెప్పేశాడు. హైదరాబాద్ వాళ్ళు ఊఁ అంటే సరి, లేకపోతే ఈ ఆటలు కట్టిపెట్టి చెన్నై రైలెక్కాలి. ఇంకో గడువు లేదు.

"అత్తా, నా మనుషుల్లో ఏం తప్పుందో నువ్వు చెప్పాలి" అంటూ ల్యాప్‌టాప్ తెచ్చి మా షెడ్డులో కాయల గుట్ట పక్కన పెట్టింది. కోతలు నడుస్తున్నాయి. ఒకవైపు కాయలు ఏరుతూ, ఇంకోవైపు ఆ ఊళ్ళోకి అడుగుపెట్టాను.

మొదట టీకొట్టు వచ్చింది. కొట్టాయన చెయ్యి ఊపి, "మా ఊరికి స్వాగతం! మార్కెట్ తూర్పు దిక్కున ఉంది!" అన్నాడు. నాకు నవ్వాగలేదు.

"ఏ ఊరే ఇది?"

"మన ఊరిలాంటిదే అత్తా."

"మన ఊళ్ళో కొత్తవాడు కనపడితే ఎవరే స్వాగతం చెప్పింది? ఏ ఊరండీ, ఎవరింటికండీ, ఎవరి తాలూకండీ అని అడగరూ? పెళ్ళయిందా, పిల్లలెంతమంది, తోట అమ్మే ఉద్దేశమేమన్నా ఉందా అని అడగరూ? అవన్నీ అయ్యాక గానీ మార్కెట్ ఎటో చెప్పరు. చెప్పినా, అలా ముందుకెళ్ళి ఎవర్నన్నా అడగండి అంటారు."

అది పకపకా నవ్వి, టకటకా టైపు చేసుకుంది. తర్వాత ఆటో. ఆ పట్నం హీరో ఎక్కడం ఏమిటి, ఆటో ఒక్కడితోనే బయల్దేరడం ఏమిటి! నూజివీడు సెంటర్లో ఆటో ఒక్క మనిషితో కదిలితే మర్నాడు పేపర్లో వేస్తారు. "ఇంకొక్కరొస్తే కదిలిపోదామండీ" అని అనిపించాను. ఆ ఒక్కరూ వచ్చాక మళ్ళీ అదే మాట అనిపించాను. విసుగొచ్చి హీరో కిందికి దిగితే అతని సీట్లో వేరేవాళ్ళు కూర్చోవాలి, ఆటో వెంటనే కదిలిపోవాలి. ఇదంతా ఎలా రాసిందో గానీ పాపం రాసింది.

వీధి అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని దారినపోయే ప్రతివాడికీ, "నాయనా, జీవితం మామిడిచెట్టు లాంటిది" అని చెబుతోంది. ఆవిణ్ణి చూస్తే ఒళ్ళు మండింది. మా అత్తగారు నిండు నూరేళ్ళకి దగ్గరగా బతికారు. జీవితం గురించి ఒక్క ముక్క చెప్పి ఎరగరు. "ఏం కూరే ఇవాళ?" అనేవారు. చెప్పాక, అందులో నేను ఏం వెయ్యలేదో చెప్పేవారు. ఆ విద్య నాకు ఆవిడ దగ్గరే వచ్చింది. అరుగు మీద ముసలమ్మ కూడా ఇకనుంచి అదే అడగాలన్నాను. హీరో వంకాయ అంటే, "అందులో కొత్తిమీరకారం పెట్టుకోలేకపోయావా" అనాలి. బెండకాయ అంటే మొహం తిప్పుకోవాలి.

చేతికి పని దొరికాక నాకు కొంచెం చిలిపితనం కూడా పుట్టింది. టీకొట్టు ముందు ఊరికే నిలబడి ఉన్న ఒక బొమ్మని, కుర్చీ నీడలోకి లాక్కునే పెద్దమనిషిగా మార్పించాను. నీడ జరిగినప్పుడల్లా ఆయన కుర్చీ జరుపుకుంటాడు. పేపరు మాత్రం ఎవరికీ ఇవ్వడు. ఏమడిగినా "మా ఆవిణ్ణడగండి" అంటాడు. తర్వాత మా ఆయన ఆడుతూ, "ఈ సోమరిపోతు ఎవడే, దారికి అడ్డంగా?" అని చిరాకుపడ్డారు. మేమిద్దరం కొంగు నోట్లో కుక్కుకున్నాం. పిల్లకి కొంగు లేదు, చున్నీ.

ఇంతవరకు సరదాగానే ఉంది. అసలైన చోటుకి అప్పుడొచ్చాను. హీరో ఒక రైతు దగ్గరికి వెళ్ళి, "కాపు ఎలా ఉందండీ?" అన్నాడు. ఆ రైతు రెండు చేతులూ చాపి, "ఈ ఏడు నా తోట విరగకాసింది! కావాలంటే కొనుక్కోండి!" అన్నాడు.

నేను ల్యాప్‌టాప్ మూత వేసేశాను.

ఇది మా ప్రాంతం కానివాళ్ళకి చెప్పాలి. మామిడి రైతు అలా అనడు. అన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. బాగా కాసిందని నోరుజారితే బేరగాడు ధర తగ్గిస్తాడు, చుట్టాలు బుట్టలు పట్టుకుని దిగుతారు, దిష్టి తగిలి మర్నాటికి ఈదురుగాలి వస్తుంది. అందుకని కొమ్మలు విరిగిపోతాయేమోనని ఊతకర్రలు పెట్టినవాడు కూడా, ఆ కర్రని ఆనుకునే నిలబడి, "ఏం కాపండీ, ఏమీ లేదు" అంటాడు. అడిగినవాడు కూడా లోపల అమ్మయ్య, కాయ ఉందన్నమాట అనుకుని పైకి "అయ్యయ్యో" అంటాడు. ఓ మాదిరిగా ఉంటే "ఏదో ఉందిలెండి" అంటారు.

మరి నిజంగా పోయినప్పుడో? మా చిన్నప్పుడు ఒక ఏడాది, రేపోమాపో కోతలనగా గాలివాన వచ్చి మా నాన్న తోటలో కాయంతా నేలమీద పరిచేసింది. తెల్లారి బస్సు దిగిన పొరుగూరాయన, "తోట ఎలా ఉందండీ?" అన్నాడు. "బాగానే ఉందండీ" అన్నాడు నాన్న. ఆయన ఇంకో మాట అడక్కుండా నాన్న భుజం మీద చెయ్యి వేసి, కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. తోటంతా పోతే బాగుందంటాడేమిటా అనుకున్నాను నేను. పోయినవాడికి ఇక దాచుకోడానికి ఏమీ ఉండదు, పరువు తప్ప. ఇది నాకు అర్థమయ్యేసరికి నాకూ ఒక తోట వచ్చింది, అదీ ఒకసారి పోయింది.

మేనకోడలికి ఇదంతా కొత్తగా చెప్పక్కర్లేదు, ఇక్కడే పుట్టిన పిల్ల. "నిజమే కదా అత్తా, రాసేటప్పుడు తట్టనేలేదు" అని నెత్తి కొట్టుకుంది. ఊళ్ళో రైతులందరి మాటలూ మార్చేశాం. కాసినవాళ్ళందరిచేతా లేదనిపించాం. పోయినవాళ్ళందరిచేతా బాగుందనిపించాం. ఊరు ఒక్కసారిగా కళకళలాడింది. నా జన్మలో అంత తృప్తిగా పనిచెయ్యలేదు.

మా ఆయన చేత ఆడించాం. ఆయనకి మౌస్ పట్టుకోవడం రాదు గానీ మామిడి బేరం వచ్చు. ఒకడు ఏమీ లేదనగానే "అబద్ధాలకోరు వెధవ" అని ఆనందంగా వాడి తోటలోకి దూరిపోయారు. ఇంకొకడు బాగానే ఉందనగానే "పాపం" అని వెనక్కి తిరిగారు. కంచె సందులోంచి ఏదో పనిమీద వచ్చిన అన్నయ్య ఆయన వెనక నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. కాసేపయ్యాక, "బావా, అటు కాదు, ఆ మూల ఏడుస్తున్నాడు చూడు, వాడి దగ్గరుంటుంది సరుకు" అన్నాడు. లారీ నిండేదాకా కదల్లేదు. నిండాక మాత్రం ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయాడు.

ఈ ధైర్యంతో హైదరాబాద్ పంపాం. అక్కడ ఒక కుర్రాడు ఆడి చూసి వీడియో కాల్ చేశాడు. మర్యాదస్తుడే. "మేడమ్, పెద్ద బగ్ ఉంది" అన్నాడు. "చెట్టు నిండా కాయలు కనిపిస్తున్నాయి, రైతేమో ఏమీ లేదంటున్నాడు. ఇంకొకాయన బాగానే ఉందన్నాడు, వెళ్ళి చూస్తే ఖాళీ. డేటా మొత్తం తలకిందులైనట్టుంది. ఊరంతా తిరిగాను మేడమ్, ఒక్క కాయ కొనలేకపోయాను. వానలొచ్చేశాయి."

మాకు లారీ నింపడం అన్నం తిన్నంత తేలిక కావడంతో, బయటివాడు ఆడితే ఏమవుతుందో మా ఇద్దరికీ తట్టనేలేదు. ఊరు ఊరంతా అబద్ధమాడుతుంటే వాడేం చేస్తాడు పాపం! మా కంపెనీలో కథల సంగతి ఒక పెద్దావిడ చూస్తారు, ఆవిడతో మాట్లాడి చెబుతానని అతను ఫోన్ పెట్టేశాడు.

"తీసేద్దాం అత్తా" అంది మేనకోడలు. "అందరిచేతా నిజం చెప్పించేద్దాం."

"చెప్పిస్తే మళ్ళీ బొమ్మలైపోతారే వాళ్ళు."

"వాళ్ళు మనుషులైతే నేను చెన్నై పోవాలి!"

 

అది కాయలగుట్ట పక్కన చతికిలబడింది. మెల్లగా అంది. "నిన్న కొట్టు దగ్గర ఎవరో నాన్నని అడిగారు అత్తా, మీ అమ్మాయి కంప్యూటర్లో ఏదో చేస్తోందటగా, ఎలా ఉంది అని. నాన్న ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"బాగానే ఉందండీ అన్నాడు."

చెప్పి మొహం అవతలికి తిప్పుకుంది.  రెండేళ్ళుగా ఎవరడిగినా మా అన్నయ్య ఆ మాటే అంటున్నాడు. నేనూ విన్నాను. మనుషుల మాటల్లో ఇన్ని వంకలు వెతికే నేను, ఆ మాట ఎక్కడ తగులుతోందో చూడలేదు. దీని భయం చెన్నై కాదు. చెన్నైలో హాయిగా బతకగలదు. తన తండ్రి తనని రాలిపోయిన తోటలెక్కన చూస్తున్నాడని దీని దుఃఖం. కంపెనీ వద్దంటే, ఆ మాట నిజమైపోతుందని.

అప్పుడు నాకు కోపం వచ్చింది. అన్నయ్య మీదా, హైదరాబాద్ మీదా, బాగుంది అనే మాట మీదా. "ఒక్క అక్షరం మార్చావంటే ఊరుకోను" అన్నాను. "వాళ్ళ పెద్దావిణ్ణి ఒకసారి రమ్మను. వచ్చి ఇక్కడ ఎవర్నైనా సరే, కాపు ఎలా ఉందని అడగమను. రసం మామిడిపళ్ళు పెడతామని కూడా చెప్పు."

రసాలు పెడతామంటే రానివాళ్ళుంటారా? వారం తిరక్కుండా ఆవిడా ఆ కుర్రాడూ కారులో దిగారు. ఆవిడకి నా వయసే ఉంటుంది, చూపు చురుకు. నేను చేసిన కొంటెపని ఒక్కటే. వాళ్ళెవరో అన్నయ్యకి చెప్పలేదు. "ఎవరో హైదరాబాద్ వాళ్ళు తోట చూస్తారట" అని మాత్రం చెప్పి, వాళ్ళని తిన్నగా కంచె సందులోంచి తీసుకెళ్ళాను.

అన్నయ్య పెద్దరసం చెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఆ ఏడాది ఆ చెట్టు ఎలా కాసిందంటే, కొమ్మలు నేలకి వంగి, వాటి కింద ఊతకర్రల అడవి. వాళ్ళు తలలు వంచుకుని, కాయలు పక్కకి తప్పించుకుంటూ దగ్గరికెళ్ళారు. ఒక కాయ ఆవిడ కళ్ళజోడుకి తగిలింది కూడా.

"కాపు ఎలా ఉందండీ?" అంది ఆవిడ.

అన్నయ్య నిట్టూర్చాడు. భుజానికి రాసుకుంటున్న కాయలగుత్తిని చేత్తో పక్కకి నెట్టి, "ఏం కాపండీ! ఈ ఏడు ఏమీ లేదు. మందుల ఖర్చు కూడా వచ్చేట్టు లేదు" అన్నాడు. ఎంత దీనంగా అన్నాడంటే, నాకే జాలేసింది.

కుర్రాడు అన్నయ్య మొహం వంక, కొమ్మ వంక, మళ్ళీ మొహం వంక చూశాడు. "మేడమ్, బగ్!" అన్నాడు. ఆవిడ నవ్వు మొదలుపెట్టి ఇక ఆపుకోలేకపోయింది. ఒక ఊతకర్ర పట్టుకుని మరీ నవ్వింది. కళ్ళు తుడుచుకుని మేనకోడలితో, "ఒక్క మాట కూడా మార్చకమ్మా. ఆడేవాళ్ళు మనిషి మాట విని చెట్టు చూడ్డం నేర్చుకోవాలి, అదే అసలు ఆట. కొత్తవాళ్ళు నేర్చుకోడానికి మొదట్లో కాస్త టైమివ్వు చాలు. మేం తీసుకుంటున్నాం" అంది.

ఎందుకు నవ్వుతున్నారో తెలియక అన్నయ్య బిక్కమొహం వేశాడు. సంగతి నేను చెప్పాను. వాళ్ళెవరో, ఎందుకొచ్చారో, ఇప్పుడు ఏమన్నారో అన్నీ. నన్ను మింగేసేలా చూశాడు. పరాయివాళ్ళ ముందు కాబట్టి బతికిపోయాను.

షెడ్డులో కుర్చీలేసి కూర్చోబెట్టాం. మేనకోడలు రసాలు కడిగి పళ్ళెంలో పెట్టి తెస్తోంది. ఆవిడ అన్నయ్య వైపు తిరిగి, మర్యాదకే అడిగిందో, మనసులో ఉండే అడిగిందో, "మీరు చూశారాండీ మీ అమ్మాయి గేమ్? ఎలా ఉంది?" అంది.

పళ్ళెం పట్టుకుని పిల్ల గుమ్మంలోనే ఆగిపోయింది. నేనూ చేతిలో మంచినీళ్ళ చెంబు అలాగే పట్టుకుని ఉండిపోయాను. కంపెనీ ఒప్పుకుంది, చెన్నై తప్పింది. అయినా ఆ పిల్ల కళ్ళు మాత్రం వాళ్ళ నాన్న నోటి మీదే ఉన్నాయి.

 అన్నయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. చుట్టూ ఎవరన్నా దిష్టి పెట్టేవాళ్ళు ఉన్నారా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. ఆ తర్వాత పెదవి విరిచి, "ఏం గేమండీ!" అన్నాడు. "ఏమీ లేదు దాంట్లో. ఏదో పిల్లల పని."

కుర్రాడి మొహం పాలిపోయింది. పాపం, ఇంకా నేర్చుకోవాలి. మేనకోడలు పళ్ళెం ఎక్కడ పెట్టిందో దానికే తెలియదు. పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"విన్నావా అత్తా? నాన్న ఏమీ లేదన్నాడు!"